బోయిన్‌పల్లి బాటల నీడ

వేసవికాలమున, మిట్టమధ్యాహ్నము, సికింద్రాబాదు ప్యారడైజు కూడలి నుండి ఉత్తరముగా బోయిన్‌పల్లికి కాలినడకను పోయినవారికి ఒక సంగతి ఏ పుస్తకమును చదువకయే తెలియును. ఎండలో మనిషి తిన్నగా నడువడు. నీడను బట్టి నడచును. ఎడమప్రక్కను వేప కనబడిన అటు పోవును. అది దాటగానే కుడిప్రక్క కానుగ క్రిందికి వచ్చును. నడుమనున్న బయలును పెద్ద అంగలతో దాటును. ఒక మే మాసమున మేమును అట్లే నడచితిమి. మా నడకజాడను ఎవరైన ముగ్గుపిండితో గీసియుండిన, అది పాము పోయిన దారివలె కనబడియుండెడిది. ఆ నడకలో మాకు తట్టిన ప్రశ్న ఇది: ఈ నీడ ఎవరిది?

చెట్టు ఎవరిదో చెప్పవచ్చును. అది నిలిచిన నేల ఏ కార్యాలయము క్రిందనున్నదో చెట్టును ఆ కార్యాలయము క్రిందిదే. కొమ్మలు విరిగినచో, మ్రాను పడినచో, కలప వేలము వేయవలసినచో, అందుకు అధికారులు కలరు, దస్త్రములు కలవు. నీడ మాట వేరు. దానికి పట్టా లేదు, పన్ను లేదు. దానిని అనుభవించువారు మాత్రము ఎందరో. ఇస్త్రీబండివాడు ఉదయము చెట్టుకు పడమట నిలిచి, మధ్యాహ్నము మొదటికి చేరి, సాయంకాలమునకు తూర్పునకు జరుగును. చెప్పులు కుట్టువానికి గోనెపట్ట పరచుకొనుటకు అదియే దుకాణము. ముంజలు అమ్మునామె, బస్సుకై నిలుచు పాప, ఆటో నిలిపి కునుకు తీయు మనిషి, అందరును ఆ నీడకు హక్కుదారులే. కాని రోడ్డు వెడల్పు చేయు అంచనాలో కరెంటు స్తంభమునకు వెల కట్టుదురు, నీటిగొట్టమునకు వెల కట్టుదురు, కూలిన గోడకు నష్టపరిహారము వ్రాయుదురు. నీడకు వెల వ్రాసిన పద్దు మేమెక్కడను చూడలేదు. వెల లేనిదానిని పోగొట్టుకొన్నను లెక్కలలో నష్టము కనబడదు గదా!

బోయిన్‌పల్లి సంగతి చెప్పునప్పుడు అది ఒక యజమాని క్రింది ఊరు కాదని మొదటనే గ్రహింపవలెను. నాగపూరు పోవు జాతీయ రహదారిని ఆనుకొనియున్న ఈ ప్రాంతమున కొంత కంటోన్మెంటు బోర్డు పాలనలో నున్నది. మరికొంత నగరపాలక సంస్థ క్రింద నున్నది. రహదారికి వేరొక శాఖ కలదు. చుట్టును రక్షణశాఖ భూములు కలవు. ఒక వీధి మలుపులో చెట్టు ఎండిపోయిన, ఎవరికి అర్జీ పెట్టవలెనో తెలిసికొనుటకే సగము రోజు పట్టవచ్చును.

ఈ దండు ప్రాంతమున ఇంత బయలు, ఇన్ని పాత చెట్లు ఎట్లు మిగిలినవి? నిజాము ఆంగ్లేయులతో 1798లో సంధి చేసికొన్న పిమ్మట వారి సైన్యము హుస్సేన్‌సాగరమునకు ఉత్తరమున విడిసినది. 1806లో ఆ విడిదికి సికందర్ జా పేర సికింద్రాబాదను నామము వచ్చినది. ఆ కాలపు వైద్యులు చెడుగాలి వలననే జ్వరములు పుట్టునని నమ్మిరి. భారతదేశమందలి సైన్యపు ఆరోగ్యమును విచారించిన రాజకీయ సంఘము 1863లో నివేదిక నిచ్చినప్పుడును, సిపాయిలు ఇరుకుగా నుండరాదనియు, గాలి వెలుతురు పారవలెననియు గట్టిగా చెప్పినది. అందుచేతనే దండులలో బంగళాలు ఎడమెడముగా కట్టిరి. కవాతు మైదానములు విడిచిరి. బాటల కిరువైపుల చెట్లు పెట్టిరి. విచిత్రమేమనగా, ఆ చెడుగాలి సిద్ధాంతమునకు కాలము చెల్లించిన పరిశోధన బోయిన్‌పల్లికి దక్షిణమున, కూతవేటు దూరమున జరిగినది. 1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో రొనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. జ్వరమునకు కారణము గాలి కాదు, దోమ యని తేలినది. సిద్ధాంతము పోయినది; దాని పేర నాటిన చెట్లు మిగిలినవి. తప్పుడు కారణముతో చేసిన మంచి పని కొన్నిసార్లు సరియైన కారణముతో చేసినదానికంటె ఎక్కువకాలము నిలుచును కాబోలు.

దండుకు మునుపును ఇక్కడ ఊళ్ళు కలవు, చెరువులు కలవు. ప్రక్కనున్న తాడ్‌బండు పేరు వినగానే ఉర్దూలో తాటిచెట్టును చెప్పు మాట చెవిని బడును. హస్మత్‌పేటలో ఇనుపయుగమునాటి రాతి సమాధులు కలవు. వేల యేండ్ల క్రిందట ఇచ్చట బ్రదికినవారు తమవారిని పాతిపెట్టి చుట్టును బండలు పేర్చిరి. ఇండ్లస్థలముల గిరాకీ పెరిగిన ఈ రోజులలో, చచ్చినవారు కావలియున్నందున కదా ఆ కొంత నేల బయలుగా నిలిచినదని అనుకొంటిమి. ఆ దాపుననే బోయిన్ చెరువు. ఈ వైపున పడిన వాన పికెట్ నాలా గుండ హుస్సేన్‌సాగరమునకు పోవును. వీధిచెట్టు మాటలో చెరువు ప్రసక్తి ఏలయని శ్రోతలు అడుగవచ్చును. చెట్టు చల్లదనమంతయు నీటి కథయే గనుక చెప్పవలసివచ్చినది.

చెట్టు రెండు విధముల చల్లబరచును. మొదటిది అందరెరిగినదే: ఆకు ఎండను అడ్డగించును. నల్లని తారుబాట ఎండను త్రాగి రాత్రి పొద్దుపోవువరకు వేడి క్రక్కుచుండును. నీడలోని బాటకు ఆ వేడి అసలే ఎక్కదు. రెండవది కంటికి కనబడనిది. వేరు త్రాగిన నీరు ఆకుల అడుగుననున్న సన్నని రంధ్రముల గుండ ఆవిరియై పోవును. నీరు ఆవిరి యగుటకు వేడి కావలెను. ఆ వేడిని అది చుట్టుప్రక్కల నుండి లాగికొనును. కుండలోని నీరు చల్లనగుటకు కారణమిదియే. ఒక లీటరు నీటిని సున్న డిగ్రీల నుండి మరుగు వరకు కాచుటకు నూరు కిలోకాలరీలు చాలును. అదే లీటరు ఆవిరియై పోవుటకు సుమారు 580 కావలెను. నీటివసతి గల పెద్ద చెట్టు ఒక దినమున నూరు లీటర్లు ఆవిరిగా విడుచుట వింత కాదు. నూరు లీటర్లకు పట్టు వేడిని విద్యుత్తు లెక్కలో చెప్పిన సుమారు 67 యూనిట్లగును. ఒకటిన్నర టన్ను ఎయిర్ కండిషనరు పండ్రెండు గంటలకు పైగా పనిచేసిన గాని అంత వేడిని గదిలోనుండి తోడలేదు. తోడిన వేడిని అది ఎక్కడ పోయును? వీధిలో. ఇంటివాడు చల్లబడును, దారిన పోవువాడు ఉడుకును. చెట్టు అట్లు చేయదు.

ఇక్కడ ఒక మెలిక కలదు. నేలలో తడి లేనప్పుడు చెట్టు తన ప్రాణము కాపాడుకొనుటకు ఆకురంధ్రములను మూసికొనును. అప్పుడు నీడ మాత్రమే మిగులును. ఆవిరి వలన కలుగు చల్లదనము ఆగిపోవును. మనకు అది అత్యవసరమైన వేసవి మధ్యాహ్నముననే చెట్టుచేతులు ఖాళీగా నుండును. ఆ తడి ఎందుకు లేదని చూడవలెనన్న కొమ్మలవైపు గాక మొదటివైపు చూడవలెను.

మేము ఆ దినమున ఎన్నియో మొదళ్ళు చూచితిమి. బాట ప్రక్క నడకదారికి పలకలు పరచినప్పుడు మేస్త్రీ పని ఎంత నేర్పుగా చేసెనో! పలకకును మానుకును నడుమ వేలు దూరు సందు లేదు. కొన్నిచోట్ల మాను చుట్టును సిమెంటు పోసి, ఎర్రరంగు వేసి, అందమైన గుండ్రని అరుగు కట్టిరి. కట్టినవారి ఉద్దేశము మంచిదే. నలుగురు కూర్చుందురని కట్టిరి. కాని చెట్టుకు అది మెడకు బిగించిన కంటె. చెట్టువేళ్ళు పాతాళమునకు పోవునని మనలో చాలమంది తలంతురు. నీటిని, పోషకములను త్రాగు సన్నవేళ్ళలో అధికభాగము పైనున్న రెండు అడుగుల మట్టిలోనే అడ్డముగా ప్రాకును. కొమ్మల చివరలకంటెను దూరము పోవును. వాటికి నీరెంత అవసరమో గాలి యంత అవసరము. పైన సిమెంటు పరచిన రెండును అందవు. అట్టి చెట్టు వెంటనే చావదు. కొనలు ఎండును, ఆకు పలుచనగును, అయిదారేండ్లకు ఒక గాలివానలో ఒరుగును. అప్పుడు మనము గాలివానను తిట్టుదుము. జాతీయ హరిత ట్రిబ్యునలు 2013లో ఢిల్లీనగరమును గూర్చి ఉత్తరువు చేయుచు, చెట్టు చుట్టును ఒక మీటరు మేర సిమెంటు తొలగింపవలెనని చెప్పినది. మీటరు చాలునా యన్నది వేరుమాట. అదైనను లేని మొదళ్ళను మేము వరుసగా లెక్కించి, ఇరువది దాటిన పిదప లెక్క మానితిమి.

ఏ చెట్టు నాటవలెను? ఇందు మాకును ఇష్టానిష్టములు కలవు, దాచము. మండువేసవిలో బాటను ఎర్రగా వెలిగించు తురాయి మడగాస్కరు నుండి వచ్చినది. విశాలమైన గొడుగు పట్టు నిద్రగన్నేరు అమెరికాఖండపు ఉష్ణప్రాంతములది. సాయంకాలమున ఆకులు ముడుచుకొని నిజముగా నిద్రపోవును. పరాయివైనను ఇవి మనవీధులకు ఋణపడినవి కావు, మనమే వానికి ఋణపడితిమి. అయితే తురాయి కొమ్మ పెళుసు, గాలికి విరుగును. ఏడాకులపాల శరత్కాలపు రాత్రులలో పూచినప్పుడు కొందరికి పరిమళము, కొందరికి తలనొప్పి. కోనోకార్పసు అను గల్ఫుదేశపు ఫ్యాషను మొక్కను రోడ్ల నడుమ విరివిగా నాటి, ఆక్షేపణలు వచ్చిన పిమ్మట ప్రభుత్వము వలదన్నది. మా ఓటు కానుగకు. ఎండకు ఓర్చును, కొమ్మ గట్టిది, తక్కువ కాలమే బోడిగా నుండి వేసవి ముదురకముందే నిగనిగలాడు కొత్త ఆకు తొడుగును. వేప ఉండగా కానుగ ఏలయన్నచో, 2021 చివర తెలంగాణమంతటను వేపలు కొనల నుండి మాడిపోయి జనులను భయపెట్టిన సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. శిలీంధ్రతెగులు వలన కొమ్మలు ఎండెను. పెక్కుచెట్లు మరల చిగిర్చినవి. వీధి పొడవున ఒకే జాతిని నాటిన, ఒకే తెగులుకు వీధియంతయు బోడియగును.

పార్కులు కలవు గదా, వీధిచెట్లు పోయిననేమి యని అనువారు కలరు. పార్కు గొప్పది. హైదరాబాదులో బాగే ఆం 19వ శతాబ్దిలోనే వెలసినది; ఇందిరాపార్కునకు 1975లో శంకుస్థాపన జరిగినది; హుస్సేన్‌సాగరపు ఒడ్డున సంజీవయ్య పార్కు కలదు. కొత్త లేఔటు వేయునప్పుడు స్థలములో పదవవంతు బయలుగా విడువవలెనను నియమము చాలకాలము నుండి యున్నది. ఆ పదవవంతు కాగితము మీదనుండి నేలమీదికి దిగునప్పటికి ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. చెరువులను, నాలాలను, పార్కులను, ప్రభుత్వ భూములను ఆక్రమణల నుండి కాపాడుటకు 2024 జూలైలో హైడ్రా యను సంస్థను ప్రత్యేకముగా ఏర్పరుపవలసివచ్చినదన్న చాలును. అయినను పార్కు వీధిచెట్టుకు ప్రతినిధి కాజాలదు. ఎందుచేత? పార్కునకు గేటు కలదు. మేము పోయిన దినమున ఒక కాలనీ పార్కు గేటుకు ఉదయము పది గంటలకే తాళము పడినది. సాయంకాలము నాలుగు దాటిన గాని తీయరట. నడకకు వచ్చు పెద్దల వేళలకు ఆ ఏర్పాటు సరిపోవును. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు నీడ కావలసిన కూరగాయలబండివాడు మాత్రము ఆ ఇనుపకమ్ముల నడుమనుండి లోపలి పచ్చికను చూచుచు, వెలుపల గోడనీడలో నిలిచియుండెను. ఆ గోడనీడ జానెడు.

బయలు అనగా పచ్చికతివాసి యనియు తలంపరాదు. బతుకమ్మ పేర్చుటకు తంగేడు కావలెను, గునుగు కావలెను. ఇవి పార్కులో పెరుగవు. ఎవరును చూడని బీడులో, గట్టుమీద, చెరువు అంచున పెరుగును. తంగేడు తెలంగాణకు రాష్ట్రపుష్పము. అయినను తోటమాలి దానిని కలుపుమొక్కగా పెరికివేయును. దసరానాడు జమ్మిచెట్టు కావలెను, దానిచుట్టు నలుగురు చేరుటకు నేల కావలెను. పేర్చిన బతుకమ్మను సాగనంపుటకు మురుగు కలియని నీరు కావలెను. పండుగయే మనకు బయలుభూముల జాబితా వ్రాసియిచ్చినట్లున్నది.

ఇప్పుడు అసలు చిక్కుకు వత్తము. ప్యారడైజు కూడలి నుండి డెయిరీఫారం వరకు 44వ నెంబరు జాతీయ రహదారి మీద సుమారు 5.3 కిలోమీటర్ల ఎత్తుబాట నిర్మాణమునకు 2024 మార్చి 9వ తేదీన శంకుస్థాపన జరిగినది. అంచనా సుమారు 1,580 కోట్ల రూపాయలు. రక్షణశాఖ భూముల కొరకు ఏండ్ల తరబడి జరిగిన ఉత్తరప్రత్యుత్తరముల పిమ్మట గాని ఈ పని కదలలేదు. ఇది అనవసరమని మేమనము. ఆ దారిలో బోయిన్‌పల్లి కూడలి వద్ద చిక్కుకొనిన అంబులెన్సు కూతను విన్నవారెవరును అట్లనలేరు. ఎత్తుబాటకు స్తంభములు నాటవలెను, బాట వెడల్పు కావలెను. వెడల్పైన చోట మొదట పోవునవి అంచుల చెట్లే. మీద పోవు కార్లవారికి కాలము కలిసివచ్చును. క్రింద నడచువారికి నీడ తరుగును. ఇద్దరును ఒకే ఊరివారు, కాని ఒకే మనుష్యులు కారు. ఆ ఇద్దరి లెక్కలును ఒక్క పద్దులో వేయవలెనన్నదే మా వాదము.

చెట్టును పెకలించి వేరొకచోట నాటుదుమని చెప్పుదురు. ఆ విద్య నిజమైనదే. హైదరాబాదు మెట్రో పనుల కాలమునను చేసిరి. అయితే దానికి కొన్ని షరతులు కలవు. రావి, మర్రి, మేడి, జువ్వి యను ఒక కుటుంబపు చెట్లు వేరు నరికినను తిరిగి వేరుతొడుగు మొండివి. చింత, వేప మొదలగువానికి ముదిరినపిదప అది కష్టము. పెకలించుటకు మునుపే వేళ్ళను దఫాలుగా కోసి, కొత్త సన్నవేళ్ళు పుట్టనీయవలెను. నాటిన పిమ్మట రెండుమూడేండ్లు నీరు పోయవలెను. క్రేను వచ్చిన దినమున ఛాయాచిత్రములు తీయుదురు. మూడవ వేసవిలో నీళ్ళ ట్యాంకరు వచ్చినదా యని అడుగువారు అరుదు. పోయిన చెట్టుకు బదులు పది మొక్కలు నాటుట మరియొక ఓదార్పు. పదిమొక్కల ఆకులన్నియు కలిపినను ఒక ముదురుచెట్టు కొమ్మకు సరిపోవు. అవి పెరుగునప్పటికి నేటి ఇస్త్రీబండివాడు తాతయగును.

కాపాడిన కథలును లేకపోలేదు. హైదరాబాదు నుండి చేవెళ్ళ మీదుగా పోవు రహదారికి ఇరువైపుల తొమ్మిది వందలకు పైగా మర్రులు కలవు. బాట విస్తరింపవలసివచ్చినప్పుడు వాటిని ప్రేమించినవారు ఒక్కొక్కదానిని లెక్కించి, గుర్తించి, హరిత ట్రిబ్యునలు వరకు పోయిరి. ఆ వ్యాజ్యములో మాకు నచ్చినది వాదము కాదు, లెక్క. ఏ మర్రి ఎక్కడనున్నది, ఎంత చుట్టుకొలత, బాటను ఎంత జరిపిన అది దక్కును అని కాగితము మీద పెట్టగలిగిరి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము చెట్టు కొట్టుటకు ముందుగా అనుమతి కావలెనన్నది. అనుమతి అడిగిన దినమున ఎదుట పెట్టుటకు ఇట్టి లెక్క లేకున్న చట్టము వట్టి అక్షరము. బోయిన్‌పల్లి వీధులకు అట్టి లెక్కపుస్తకము వ్రాయుట పెద్ద శాస్త్రము కాదు. ఒక కొలతటేపు, ఒక నోటుపుస్తకము, ఇద్దరు ఉన్నతపాఠశాల పిల్లలు, నాలుగు ఆదివారములు.

ముసలిచెట్టు విలువను హైదరాబాదీయులకు వేరుగా బోధింపనక్కరలేదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీకి వరద వచ్చినప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును పట్టుకొని నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ చెట్టును నేటికిని తలచుకొందురు. వీధిచెట్టు అంత నాటకీయముగా ఎవరిని రక్షింపదు, అందుచే ఎవరును తలచుకొనరు.

రాలిన ఆకుమాట ఒకటి మిగిలినది. చెట్టంటే చెత్తయని విసుగుకొను గృహిణుల కష్టము మాకు తెలియును. శిశిరములో వాకిలి రెండుమార్లు ఊడ్వవలెను. ఊడ్చి, మొదటనే కుప్పవేసి నిప్పు పెట్టుట మాత్రము రెండింతల తప్పు: పొగ మనకు, సెగ చెట్టుకు. అదే బోయిన్‌పల్లిలో కూరగాయల మార్కెటువారు చేసినది చూడుడు. దినమునకు సుమారు పది టన్నుల కూరగాయల వ్యర్థము నుండి 500 యూనిట్ల విద్యుత్తును, 30 కిలోల వంటగ్యాసును తీయు ఏర్పాటు అక్కడ నెలకొనినది. 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగములో దానిని మెచ్చుకొనిరి. ఎండుటాకునకు అంత యంత్రము అక్కరలేదు. ఒక గొయ్యి, కొంచెము తడి, ఆరునెలల ఓపిక కావలెను. వచ్చిన ఎరువు ఆ చెట్టు మొదటికే పోవును.

మా వాకిటి ముందటి కానుగకు మేము చేసినది ఇంతే. మృగశిరకార్తెకు పదిదినములు ముందుగా, అనుమతి తీసికొని, గడ్డపారతో చుట్టునున్న సిమెంటును మూరన్నర మేర పగులగొట్టించితిమి. పనివాడు మొదట నవ్వెను. సిమెంటు పోయుటకు పిలుతురు గాని తీయుటకు పిలువరనెను. క్రింద మట్టి ఇటుకవలె గట్టిపడియుండెను. దానిని గునపముతో కదలించి, పాతాకు పరచితిమి. తొలివాన కురిసిన రాత్రి టార్చిలైటుతో పోయి చూచితిమి: ఎదుటివారి అరుగు చుట్టు నీరు నాలాకు పరుగులిడుచుండగా, మా చెట్టు మొదట అది బుడగలు విడుచుచు లోనికి ఇంకుచుండెను. మరునాడు ఎదుటింటి పెద్దాయన వచ్చి, ఆ గడ్డపార ఎవరిదని అడిగిరి.